చాప ఎత్తకముందు

మోకాళ్ళ కింద గులకరాళ్ళు, నెత్తిమీద అమ్మ అల్లిన సన్నచాప, ఎదురుగా చీకట్లో ఎక్కడో లోసా ఇల్లు. ఆ ఇంటికి గోడల్లేవు, ఈ దీవిలో ఎవరింటికి ఉన్నాయి గనక, కానీ కొబ్బరాకు తడికెలు నాలుగువైపులా దించేశారు. దించిన చప్పుడు ఫువాతినో చాప కిందనుంచే విన్నది, సర్రుమని ఒకటి, సర్రుమని ఇంకొకటి. అంటే మేలుకున్నారు. అంటే వైసులి ఊరివాళ్ళొచ్చి తమ వాకిట్లో తలలమీద చాపలు కప్పుకుని మోకరిల్లారని వాళ్ళకు తెలుసు. తెలిసే దించారు. దించనీ, వాళ్ళ కడుపుమంట వాళ్ళది, ఆ మంట పెట్టినవాళ్ళం మనమే గదా. ముందువైపు అన్నయ్య సావేలియో పెట్టిన కట్టెలమోపు ఉంది, పొయ్యిరాళ్ళున్నాయి, అరిటాకులున్నాయి, మీ చేతిలో పడ్డాం, పొయ్యి వెలిగించుకుని మమ్మల్ని వండుకున్నా సరే అని నోరు తెరవకుండా చెప్పడం, తాతల నాటి ఇఫోగా. ఇక తాము చేయాల్సిందేమీ లేదు. ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండెక్కేదాకా ఇలాగే. రాళ్ళు పడితే రాళ్ళు, కత్తి పడితే కత్తి. మధ్యలో లేవకూడదు. ఒక్కరు లేచినా మొత్తం చెడినట్టే, మళ్ళీ ఈ వాకిట్లో తలవంచే హక్కు కూడా ఉండదు. దేవుడా, చాప ఎత్తించు, ఎలాగైనా ఎత్తించు, నా కొడుకు మొహం చూసి కాకపోతే నా మొహం చూసి ఎత్తించు, అని ఫువాతినో మళ్ళీ అనుకుంది. కొడుకు ఇక్కడ లేడు. ఉండకూడదు. ఇంట్లో దోమతెరలో పడుకుని ఉన్నాడు, పడుకునే ఉండాలి.

మొగలాకు వాసన, పాత కొబ్బరినూనె వాసన. ఈ చాప అల్లుతున్నప్పుడు అమ్మ కళ్ళకు పొరలొచ్చాయి, ఆకు గోటితో చీల్చి చీల్చి దారమంత సన్నం చేసేది, పట్టుగుడ్డలా మెత్తగా వచ్చేదాకా ఊరుకునేది కాదు. ఏళ్ళు పట్టింది. ఎందుకే ఇంత కష్టం అంటే, మన తలమీదికి ఏదో ఒకరోజు వస్తుందే, వచ్చిన రోజు కప్పుకోడానికి ముతకది ఉంటే సిగ్గు అనేది. అమ్మ నోటివాక్కు ఊరికే పోదు. వచ్చింది. కిరికిటి, ఈ దీవుల క్రికెట్టు, ఆ ఆటలో వచ్చింది, ఆటలో! రెండూళ్ళవాళ్ళు ఆడుకుని, గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళమీద పాటకట్టి గంతులేయడం ఇవాళ కొత్తా, పాటలో వెక్కిరింత లేకపోతే అది పాటేనా. లోసా కొడుకు పెసమినో వచ్చి, ఫువాతినో కొడుకు ఫెరెటి ముందు నడుము తిప్పుతూ, అయ్య లేనివాడి బ్యాటుకు చెదలు పట్టింది చూడండోయ్ అన్నాడట. అంతే గదా అన్నది. అదేం పెద్ద మాట? కానీ ఆ మూడుపలకల బ్యాటు ఫెరెటి నాన్న చెక్కింది, చెక్కిన వారానికే పడవతో సహా సముద్రంలో కలిసిపోయాడు. ఫెరెటి చేతిలో ఆ బ్యాటే ఉంది. ఒక్కటే దెబ్బ, ఎడమ చెవి పైన. అందరూ పాట ఆగకముందే చూశారు. ఇప్పుడు ఆ బ్యాటు పోలీసుల దగ్గర చీటీ కట్టించుకుని ఉంది, పెసమినో పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు, కళ్ళు తెరిచాడు, గంజి తాగుతున్నాడు, కానీ లోసా దగ్గరికి వెళ్ళి నాయనా అంటే, నువ్వెవరమ్మా అంటున్నాడట. ఆ మాట విన్న రోజు ఫువాతినోకు అన్నం దిగలేదు. చచ్చిపోయినా ఒక ఏడుపు ఏడ్చి ఊరుకుంటాం, బతికుండి నువ్వెవరంటే ఆ తల్లి ఎక్కడికి పోయి ఏడవాలి.

మరి నేనెక్కడికి పోయి ఏడవాలి. మూడు రాత్రులు వాణ్ణి లాకప్పులో పెట్టారు. నాలుగోనాడు అపియా పట్నంలో కోర్టు వరండాలో లాయరమ్మ లవీనియా వేయించిన వేరుశనగలు నములుతూ కనిపించింది, పొట్లం వీళ్ళకీ చాపింది, పేదవాళ్ళకు సర్కారు ఇచ్చే లాయరు, వయసు చూస్తే ఫెరెటికి అక్కలా ఉంది, మాట మాత్రం కత్తి. "చూడమ్మా, మీవాడు విచారణ దాకా బయట ఉండాలంటే దారులు మూడు. వాడి మాట నమ్మి జడ్జి ఊరికే వదలడం ఒకటి. తల పగలగొట్టిన కేసులో నమ్మడు, దాన్ని మరిచిపో. కోర్టులో డబ్బు కట్టి విడిపించుకోవడం ఒకటి, వాడు మాట తప్పితే ఆ డబ్బు సర్కారుది." సావేలియో ఆ మాట తన చెవిన పడనట్టే సముద్రంవైపు చూశాడు. "మూడోది చెప్పమ్మాయ్." "మూడోది జామీను. పరువున్న మనిషి ఒకరు, వీడికి పూచీ నాది అని బాండు మీద సంతకం పెట్టాలి. నాలుగోది దారి కాదు పెద్దయ్యా, లోపలే ఉండటం." అన్నయ్య ఛాతీ విరిచి, "మా భూమి రాసుకోమను, సముద్రం నుంచి కొండదాకా మాది" అన్నాడు. లాయరమ్మ పకపకా నవ్వింది. "మీ భూమి మీది కాదు పెద్దయ్యా, వంశానిది. దాన్ని తాకట్టు పెట్టాలంటే చచ్చినవాళ్ళ సంతకాలూ పుట్టబోయేవాళ్ళ సంతకాలూ తేవాలి, తెస్తారా?" నవ్వొచ్చే సమయం కాదు కానీ ఫువాతినోకూ నవ్వొచ్చింది. సముద్రం నుంచి కొండదాకా భూమి ఉన్న కుటుంబపెద్ద దగ్గర కోర్టుకు చూపించడానికి ఏమీ లేదు. "నేను పెడతా సంతకం" అంది. చర్చిలో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద తను, ఊళ్ళో తన మాటకు ఎదురు లేదు. లవీనియా పొట్లం మడిచి జేబులో పెట్టుకుంది. "పెట్టేముందు సరిగ్గా విను. జామీనంటే ఇక జైలు నువ్వేనమ్మా. వాడు గీత దాటుతుంటే ఆపాలి. ఆపలేకపోతే పోలీసులకు ముందు నువ్వే చెప్పాలి. దాచావంటే నువ్వూ బోనెక్కుతావు." అప్పుడు తను ఎంత ధీమాగా అంది, "తొమ్మిది నెలలు మోశానమ్మా వాణ్ణి, ఇంకో నాలుగు నెలలు మోయలేనా." లాయరమ్మ బాండు కాగితం తీసి సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించింది. అప్పుడైనా భయపడాల్సింది.

ఏదో కుక్క మొరిగింది. చాప మీద మంచు నీటిచుక్కలై దిగుతోంది. కుడిపక్కన అన్నయ్య ఊపిరి పెద్దగా ఉంది, మోకాళ్ళ నొప్పి, మూలుగు బయటికి రానీయకుండా పళ్ళు కొరుకుతున్నాడు. ఎడమపక్కన వదిన ఎసేటా. పాపం వదిన, గట్టిగా ఊపిరైనా తీయడం లేదు. దూరంగా చర్చి దగ్గర పోలీసు జీపు ఆగి ఉండటం వచ్చేటప్పుడే చూశారు, రెండూళ్ళూ కత్తులు తీయకుండా కొట్లాట రోజునుంచీ ఇక్కడే కాపలా. ఉన్నది కాన్‌స్టేబుల్ సెమిసి అయితే ఫరవాలేదు. సెమిసి మంచివాడు. సోమ, బుధ, శుక్రవారాలు స్టేషనుకు పోయి సంతకం పెట్టాలని కోర్టు చెప్పింది గదా, మొదటి సోమవారం ఫెరెటి తల దించుకుని సంతకం పెడితే సెమిసి ఆ పుస్తకం తలకిందులుగా పెట్టి చూసి, "ఒరేయ్, నీ సంతకం నా సంతకం కన్నా బాగుందిరా, నా సంతకం కూడా నువ్వే పెట్టు, నేనింటికి పోయి పడుకుంటా" అన్నాడు. ఆ వారంలో ఫెరెటి నవ్వింది అప్పుడే. ప్రతిసారీ తను కూడా వెళ్ళేది, ఒక్కణ్ణి పంపడానికి గుండె చాలక. బస్సులో కిటికీ పక్కన వాడు, వాడి భుజానికి ఆనుకుని తను. సంతకం అయ్యాక బస్టాండులో నూనెలో వేయించిన పిండి ఉండలు, వేడివేడి పానీకేకేలు కొనిచ్చేది, నూనె మూతికి పూసుకుని తినేవాడు, చిన్నప్పటిలాగే. ఎంత సిగ్గులేని ముండాకొడుకు మనసో మనసు, ఊరంతా ఉమ్మేస్తుంటే, ఎదుటి బిడ్డ ఆసుపత్రిలో ఉంటే, ఆ మూడు రోజులకోసం ఎదురుచూసేది తను. పంటకోతలకు న్యూజిలాండు పోవడానికి పేరొచ్చిన పిల్లాడు, పాస్‌పోర్టు కోర్టులో ఇచ్చేశాడు, తోటివాళ్ళ విమానం నెత్తిమీదుగా పోతే తలెత్తి చూడలేదు. రాత్రుళ్ళు మాత్రం అనేవాడు, "లాకప్పులో నాలుగువైపులా గోడలమ్మా. గాలి ఎటునుంచి వస్తుందో తెలీదు. అలలు వినపడవు. మళ్ళీ అక్కడికి పంపితే నేను బతకనమ్మా." ఊరుకోరా, ఎవరు పంపుతారు, నేను లేనా అనేది.

షరతులన్నీ ఆమెకు కీర్తనలాగా కంఠతా వచ్చు. జడ్జి ఇంగ్లీషులో చదివితే గుమాస్తా తమ భాషలో చెప్పాడు. తల్లి ఇంట్లోనే ఉండాలి. సంతకం తప్పకూడదు. తాగకూడదు. లోసావాళ్ళ ఊరు మతాఫగ పొలిమేర తొక్కకూడదు, పెసమినో మనుషుల దగ్గరికి పోకూడదు, మాట కలపకూడదు. ఒక్కటి తప్పినా బెయిలు రద్దు. "రద్దయితే మళ్ళీ అడగొచ్చా?" అని తను అడిగితే, "అడగొచ్చు. పగిలిన కోడిగుడ్డును కోడి మళ్ళీ పొదిగినప్పుడు జడ్జి కూడా మళ్ళీ ఇస్తాడు" అంది లవీనియా. ఇఫోగాకు పోవచ్చా అని కూడా అడిగారు. పెద్దలు పోవచ్చు, పోతేనే మంచిది, శిక్ష వేసేటప్పుడు జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకుంటాడు. పిల్లాడు మాత్రం పోకూడదు, పోవాలంటే ముందు కోర్టులో అర్జీ వేసి షరతు మార్పించుకోవాలి, అది వచ్చే వాయిదాకు గానీ తేలదు. సావేలియో ఇంతెత్తున లేచాడు. "తప్పు చేసిన తల ఇంట్లో ఉండి మా తలలు పోయి వంగితే దాన్ని ఇఫోగా అంటారా? పెళ్ళికొడుకు లేని పెళ్ళి!" అయినా ఆగడానికి వీల్లేదు, ప్రతి పొద్దూ ఒక సిగ్గే, ఇప్పటికే ఆలస్యమైంది. చివరికి పెద్దలే పోయేటట్టు ఒప్పుకున్నాడు. నిన్న రాత్రి అన్నాల దగ్గర, ఆ పాడు నోరు, ఆ నోటికి తాళం వేసుకున్నా బాగుండేది, చేమదుంప వాడి ముందు పెడుతూ తను అంది గదా, "నువ్వు హాయిగా పడుకోరా నాయనా. నీ బదులు మీ మామ మోకాళ్ళు అరగదీసుకుంటాడు. అరవై దాటినవాడు రాళ్ళమీద, ఇరవై దాటనివాడు దోమతెరలో." ఊరికే అంది. కోపం కూడా కాదు, అలసట. వాడు దుంప తినకుండా చెయ్యి కడుక్కున్నాడు. బయలుదేరేటప్పుడు తెర ఎత్తి చూడాల్సింది. దుప్పటి ముద్ద కనిపిస్తే, పడుకున్నాడులే, లేపడం ఎందుకులే అనుకుంది.

టక్.

ఎడమపక్కన. టక్, టక్, ఒక్కొక్క వేలూ. వదిన వేళ్ళు వాతంతో దుంపల్లా ఉంటాయి, అవి విరవడం కాదు గదా, వంగవు. భయమేసినప్పుడు వేళ్ళు విరుచుకునేది ఈ లోకంలో ఒక్కడే, బడిలో దెబ్బలు తినేముందు, ఇంజెక్షను ముందు, నాన్న పడవ తిరిగిరాని రాత్రి సముద్రపు ఒడ్డున నిలబడి. చెయ్యి చాపింది, చీకట్లో మోచెయ్యి తగిలింది, ఆ మోచేతి మీద గట్టి మచ్చ, చిన్నప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడినప్పటిది.

"ఎవర్రా?"

"నేనేనమ్మా."

పై ప్రాణాలు పైనే పోయాయి. "ఓరి నీ మొహం మండా! ఎప్పుడొచ్చావ్? ఎట్లా వచ్చావ్?"

"తోటల వెనకనుంచి నడిచి వచ్చా. మీరు బండి దిగేటప్పుడు చీకట్లో కలిశా. అత్త వెనక చాప కిందికి పోయింది, నేనిక్కడ..."

"నీకు బుద్ధుందా? పొలిమేర తొక్కితే లోపలేస్తారని తెలీదూ?"

"తెలుసు."

కుడిపక్కనుంచి సావేలియో, "ఎవరే అది?" అన్నాడు. నీ మేనల్లుడు అంది. చీకట్లోనే ఆయన వీపు నిటారుగా అయినట్టు ఆమెకు తెలిసింది. "రావాల్సినవాడే వచ్చాడు" అన్నాడు. ఆ గొంతులో గర్వం విని ఫువాతినోకు ఒళ్ళు మండింది. "నీ పెద్దరికం తగలెయ్యా! పట్టుకుపోతే నీ గర్వం పోయి వాడికి తోడు పడుకుంటుందా అక్కడ?" ఇంకా అనేది, కానీ ఇఫోగాలో మాట్లాడకూడదు, గుసగుసలైనా పాపమే, లోపల తడికెల వెనక ఎవరు చెవులొగ్గి వింటున్నారో.

అప్పుడు ఆమెకు అర్థమైంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ అది ఏదో ఒకవైపు దూకడానికైనా వీలుండే మాట. లేచి పొమ్మంటే ఇఫోగా చెడుతుంది, నేరం చేసినవాడే మధ్యలో లేచిపోయాడని తరతరాలు చెప్పుకుంటారు, ఆ పగతో రేపు ఏ కుర్రాడి తల పగులుతుందో. ఉంటే చాప ఎత్తుతారు. ఎత్తితే వెలుగులో వాడి మొహం, ఊరంతా చూస్తారు, చర్చి దగ్గర జీపు. క్షమించడమూ పట్టించడమూ ఒకే చేత్తో, ఒకే క్షణంలో. ఇందాకటిదాకా ఏం అడిగావే దేవుణ్ణి? ఎత్తించు ఎత్తించు అని గదా. దేవుడా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎత్తించకు. ఎవ్వరూ రావద్దు. తడికెలు అట్లాగే ఉండనీ, ఎండ కాయనీ, వాన కురవనీ, రాళ్ళు వేస్తే నా వీపుమీద వేయనీ. చాప కింద ఉన్నంతసేపూ వాడు బెయిలు మీదే ఉన్నట్టు. చాప కింద ఉన్నంతసేపూ నా పూచీ నేను నిలబెట్టుకున్నట్టే, ఇదిగో నా పక్కనే ఉన్నాడు, ముట్టుకుంటే తగులుతున్నాడు, పారిపోలేదు, ఎవరినీ ఏమీ అనలేదు, మోకరిల్లాడు, అంతకన్నా మంచి ఖైదీ మీకెక్కడ దొరుకుతాడు. కోర్టులో జడ్జి కళ్ళద్దాలు తీసి, అమ్మా ఇతన్ని అదుపులో పెట్టగలవా అని అడిగాడు. పెట్టగలను అంది. కడుపున పుట్టినవాణ్ణి అదుపులో పెట్టిన తల్లి ఎక్కడుందో ఆయనైనా చూశాడా. ఆమె చెయ్యి వాడి చేతిని వెతుక్కుని పట్టుకుంది, చల్లగా ఉంది, చెమట. పుట్టినప్పుడు ఇంత పిడికిలి, మంత్రసాని చూసి వీడు బ్యాటు పట్టుకుని పుట్టాడే అంది, అందరూ నవ్వారు, వాళ్ళ నాన్న ఎంత మురిసిపోయాడు. ఆయన ఉంటే ఏం చేసేవాడు? ఆయనా ఇట్లాగే వచ్చి కూచునేవాడు, ఇద్దరూ ఒకటే రకం, తెలివి తక్కువ, రోషం ఎక్కువ. చాప అల్లికలో సందుల్లేవనుకుంది ఇన్నాళ్ళూ. ఉన్నాయి. సూదిమొనంత వెలుగులు ఒక్కొక్కటే పుడుతున్నాయి. వాడి ముక్కు కనిపిస్తోంది, గడ్డం కనిపిస్తోంది, రెండు రోజులుగా గీయలేదు. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది.

బూట్ల చప్పుడు. గులకరాళ్ళమీద మెల్లగా, చుట్టూ తిరిగి, వెనకవైపు ఆగింది. చాప అంచుకింద నల్ల బూటు ఒకటి, లేసు ఊడి ఉంది. ఎవరో లేసు కట్టుకోడానికి వంగినట్టు వంగారు.

"పెద్దమ్మా." సెమిసి గొంతు. "పలక్కు. విను చాలు. చాపలు వెనకవైపు కురచగా ఉన్నాయి, అందరి పాదాలూ కనిపిస్తున్నాయి. అందులో ఒక జత నాకు తెలుసు. సోమవారం సోమవారం నా స్టేషను మెట్లమీద చెప్పులు విప్పే పాదాలు."

ఫువాతినో కళ్ళు మూసుకుంది.

"నేను పోలీసునే. కానీ ఇంకా పొద్దు పొడవలేదు, నా కళ్ళు అంత మంచివి కావు. అటు తిరిగి ఒక సిగరెట్ కాలుస్తా. అది అయ్యేలోపు అరటితోటలోకి ఎవరైనా పోతే, పంది అనుకుంటా. ఆ తర్వాత మాత్రం నన్నేమీ అడక్కు పెద్దమ్మా, నాకూ పిల్లలున్నారు, పైన సార్జెంటున్నాడు."

బూట్లు కొంచెం దూరం జరిగాయి. అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

పోరా, అంది ఫువాతినో. నోరు వాడి చెవికి ఆనించి అంది. ఇఫోగా చెడనీ. మామ పరువు పోనీ. రెండూళ్ళూ కొట్టుకు చావనీ. ఆ మాటలు తన నోట్లోంచే వస్తున్నాయని ఆమెకు తెలుసు, ఆడవాళ్ళ సంఘం పెద్ద, ఆదివారం ఆదివారం లేచి నిలబడి శాంతికోసం ప్రార్థన చెప్పే మనిషి. ఏ మాత్రం సిగ్గేయలేదు. "పో నాయనా, నా మాట విను, పాక్కుంటూ పో, ఇంటికెళ్ళి తెరలో పడుకో, నేనొచ్చి పానీకేకే చేసిపెడతా." భుజం పట్టుకు తోసింది. వాడు కదల్లేదు. మళ్ళీ తోసింది, రెండు చేతులా తోసింది. పొయ్యిరాయి నయం.

"అమ్మా, తోయకు. చాప కదులుతోంది."

"పోరా..."

"పోతే ఎవర్ని క్షమిస్తారమ్మా? నిన్నా? నువ్వేం చేశావని?" చాప సర్దుతూ అన్నాడు, "రాత్రి నువ్వన్నది నిజమే గదా."

నేనేదో ఊరికే అన్నానురా, అమ్మ అన్న ప్రతిమాటా పట్టించుకుంటారా, చెప్పిన మంచిమాటల్లో ఒక్కటీ వినలేదు, ఈ ఒక్కటే విన్నావా, అని ఎన్నో అనాలనుంది. సిగరెట్ వాసన చాపలోకి వస్తోంది. అది ఎంతసేపు కాలుతుంది, గాలి లేదు, మెల్లగానే కాలుతుంది, సెమిసి కూడా మెల్లగానే పీలుస్తాడు, తెలిసినవాడు. కొడుకు చెయ్యి మళ్ళీ పట్టుకుంది. వేళ్ళ మధ్య వేళ్ళు పెట్టుకుంది, చిన్నప్పుడు బజారులో తప్పిపోకుండా పట్టుకున్నట్టు. ఎక్కడో కోడి కూసింది, ఇంకో కోడి దానికి తగులుకుంది. బూటుతో సిగరెట్ నలిపిన చప్పుడు వినిపించింది, బూట్లు చర్చివైపు సాగిపోయాయి.

సర్రుమని తడికె. పైకి.

వద్దమ్మా లోసా, రాకు, ఇంకాసేపు మమ్మల్ని ద్వేషించు తల్లీ, నీకు ఆ హక్కు ఉంది, ఇవాళంతా తడికెలు దించుకుని ద్వేషించు, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం, ఎక్కడికీ పోం. గులకరాళ్ళమీద ఉత్త పాదాలు వస్తున్నాయి, బరువుగా, తొందర లేకుండా. ఆగాయి. ఎవరో ముక్కు చీదిన చప్పుడు. అన్నయ్య తల ఇంకా కిందికి వంగింది. చాప అంచు కదిలింది, అమ్మ కుట్టిన ఎర్ర ఈకల అంచు, అది పైకి లేచింది, ఒక్కసారిగా వెలుగు. దేవుడు మొదట అడిగిన ప్రార్థనే విన్నాడు, తర్వాతది ఆయనదాకా పోయినట్టు లేదు.

లోసా చాపను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు దువ్వుకోలేదు, కళ్ళు వాచి ఉన్నాయి. లేవండి అని సావేలియోతో అనబోయింది, అప్పుడు చూసింది ఫెరెటిని. వెనక వాళ్ళ ఇంటి మగవాళ్ళలో ఒక మాట పుట్టి ఆగిపోయింది. ఫెరెటి తల ఎత్తలేదు. లోసా చాప కింద పడేసి వాడి ముందు గులకరాళ్ళమీద చతికిలబడింది. చెయ్యి చాపింది, కొడుతుందనుకుంది ఫువాతినో, కొట్టమ్మా అనుకుంది, కొట్టి చల్లబడు. ఆ చెయ్యి వాడి జుట్టులోకి పోయింది, ఎడమ చెవి పైకి, అక్కడ వేళ్ళతో తడిమింది, తన కొడుక్కి కుట్లు పడ్డ చోట. కుట్లు లేవు, నున్నగా ఉంది. చాలాసేపు తడిమింది.

"మావాడు నన్ను నువ్వెవరమ్మా అంటున్నాడు" అంది లోసా. "ఆసుపత్రికి పోయినప్పుడల్లా పేరు చెప్పుకుంటున్నా. నువ్వన్నా అనరా, ఒక్కసారి."

ఫెరెటి తల ఎత్తాడు. "అమ్మా" అన్నాడు, పక్కన తల్లి ఉండగానే, తల్లికి కాకుండా. లోసా వాడి తల గుండెకు అదుముకుని ఏడ్చింది, వాడూ ఏడ్చాడు, సావేలియో ఏడ్చాడు, చుట్టూ అందరూ ఏడ్చారు. ఫువాతినో ఏడవలేదు. ఆమె లోసా భుజం మీదుగా చూస్తోంది. సెమిసి చర్చివైపునుంచి నడిచి వస్తున్నాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, వెనక ఇంకో పోలీసు ఉన్నాడు, కొత్తవాడు.

లోపలికి రమ్మన్నారు, చాపలు పరిచారు, కోకో కాచారు, చేమదుంపలు పెట్టారు, పెద్దలు మాటలు చెప్పుకున్నారు, రెండూళ్ళ మధ్యా ఇక ఏమీ లేదన్నారు. సెమిసి మెట్టుమీదే కూచున్నాడు, కోకో ఇస్తే తీసుకున్నాడు, ప్రార్థన అయ్యేదాకా లేవలేదు. ఫెరెటి తింటున్నాడు. రాత్రి ముట్టని వాడు ఇక్కడ, ఈ ఇంట్లో, ఆకలిగా తింటున్నాడు, లోసా ఇంకో దుంప వేస్తే అదీ తిన్నాడు. అయ్యాక సెమిసి లేచి లోసాతో మర్యాదగా చెప్పాడు, లోసా ఎదురు తిరిగింది. "మేం క్షమించాం గదయ్యా! తల మావాడిది, క్షమించినవాళ్ళం మేము, మధ్యలో నువ్వెవరు?" సెమిసి టోపీ తిప్పుకుంటూ, "మీకు చేసిన తప్పు మీరు మాఫీ చేశారమ్మా. జడ్జి మాట దాటిన తప్పు జడ్జిదగ్గరే ఉంది. మీరన్నదంతా రాస్తాను, ఒక్క ముక్క వదలను" అన్నాడు. తర్వాత ఫువాతినోను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, జామీను నువ్వు. నేను చూశానని రాస్తే నిన్నూ పిలుస్తారు. నువ్వే చెప్పావని రాస్తే నీ జోలికి రారు. ఆ కొత్తవాడు వింటున్నాడు. గట్టిగా చెప్పు."

ఆమె కొడుకువైపు చూసింది. వాడు మెట్లదగ్గర నిలబడి తలూపాడు, చెప్పమ్మా అన్నట్టు. కొండ మీంచి ఎండ దిగి వాడి కాళ్ళదాకా వచ్చింది.

"నా కొడుకు" అంది ఫువాతినో. "ఫెరెటి. రాకూడని చోటికి వచ్చాడు."

కొత్తవాడు రాసుకున్నాడు. లోసా చాపను మడుస్తోంది, ఇక ఆ చాప ఈ ఇంటిదే, అమ్మ కళ్ళు పోగొట్టుకుని అల్లింది, మడతపెట్టడం కూడా చక్కగా వచ్చు లోసాకు. జీపు వెనక తలుపు తెరిచారు. ఫెరెటి ఎక్కేముందు సముద్రంవైపు తిరిగి గట్టిగా ఒక ఊపిరి తీసుకున్నాడు, పానీకేకే తిన్నాక చెయ్యి లుంగీకి తుడుచుకునేవాడు, అట్లాగే తుడుచుకున్నాడు, ఎక్కాడు. ఫువాతినో వెంట నడిచి వెళ్ళి కిటికీ ఊచ పట్టుకుంది. ఏదో ఒకటి అడగాలి, జీపును ఇంకాసేపు ఆపాలి.

"సోమవారం పొద్దున బస్సుకే రమ్మంటావా, సంతకానికి?"

సెమిసి ఇంజను వేయబోయి ఆగాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

"ఇక రానక్కర్లేదు పెద్దమ్మా" అన్నాడు.